అమ్మానాన్న లేని పిల్ల కథ చదువుతున్నారా?

కృష్ణుణ్ణి యశోద పెంచిన కథ మురిసిపోతూ చెప్పే మనమే, అనాథపిల్ల కథ రాగానే పుస్తకం మార్చేస్తాం. పసిమనసుకు దిగులెందుకని. మార్చకండి. ఈ పిల్లను చివరికి ఎవరు దగ్గరికి తీసుకుంటారా అనే ఆత్రంతోనే పిల్లలు ఆ కథలు వింటారు.

1908లో వచ్చిన ‘యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’నే తీసుకోండి. రాసిన ఎల్. ఎం. మాంట్‌గొమరీ కూడా రెండేళ్లు నిండకముందే తల్లిని పోగొట్టుకుని అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగిన మనిషి. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో మాథ్యూ, మరిల్లా అనే పెళ్లికాని అన్నాచెల్లెళ్లు పొలం పనికి సాయంగా మగపిల్లాణ్ణి తెచ్చుకోవాలనుకుంటారు. కబురు తారుమారై యాన్ అనే పదకొండేళ్ల ఆడపిల్ల దిగుతుంది. స్టేషన్లో మాథ్యూ ఆమె సంచీ అందుకోబోతే వద్దంటుంది. ఒడుపుగా పట్టుకోకపోతే పిడి ఊడి వస్తుందట, ఆ ఒడుపు తనకే తెలుసట. అక్కడ కాసేపు ఆగండి. ఆ సంచీతో ఆ పిల్ల ఎన్ని ఇళ్లు మారిందో మీ పిల్లలే ఊహించుకుంటారు.

ఒక్క మాట మాత్రం అనకండి. ‘చూశావా, నీకు అన్నీ ఉన్నా అన్నం దగ్గర ఎంత పేచీ పెడతావో!’ కథలో పిల్ల కోసం కరుగుతున్న మనసు ఆ మాటతో ముడుచుకుపోతుంది.

ఇక, ‘అమ్మా, మీరిద్దరూ లేకపోతే నేనెవరి దగ్గరుంటాను?’ అని పిల్లలు ఏదో ఒక రాత్రి అడగొచ్చు. తథాస్తు దేవతలుంటారు, అలాంటి మాటలు అనకూడదని మనం నోరు మూయిస్తాం. భయం మాత్రం పోదు, ఒంటరిగా దుప్పట్లో దూరుతుంది. ‘మేం చాలాకాలం నీతోనే ఉంటామనే అనుకుంటున్నాం. ఒకవేళ లేకపోయినా పిన్ని నిన్ను తన దగ్గరే పెట్టుకుంటుంది’ అని మనిషిని చూపించి చెప్పండి. చెప్పేముందు ఆ పిన్నితో నిజంగానే మాట్లాడి పెట్టుకోండి.

అందరు పిల్లలూ అడగరు. యోహానా స్పిరి రాసిన ‘హైదీ’లో, తాతయ్యకు దూరమై ఫ్రాంక్‌ఫర్ట్ చేరిన హైదీ తన బెంగ పైకి చెప్పదు, నిద్రలో లేచి నడుస్తుంది. కథ విన్నాక మీ బిడ్డ ఊరికే మీ పక్కన చేరితే, ఏమైందని గుచ్చి గుచ్చి అడక్కుండా చోటివ్వండి.

మీది పెంచుకున్న బిడ్డయితే పుస్తకం ముందు మీరు చదవండి. యాన్‌ను తిరిగి అప్పగించడానికి మర్నాడే మరిల్లా బండి కట్టిస్తుంది. అక్కడ ఒక గయ్యాళి ఆవిడ పనికి తీసుకుపోతానని సిద్ధంగా ఉంటుంది. రాత్రిపూట ఆ పేజీల మధ్య కథ ఆపకండి. మరిల్లా మనసు మారి ఆ పిల్లను మళ్లీ ఇంటికి తెచ్చేదాకా, మీకు నిద్ర ముంచుకొస్తున్నా సరే, చదివేయండి.