పేరు తెలియని వారికి ఆరడుగుల నేల



నవంబరు 2వ తేదీన మనమందరం సమాధుల తోటకు వెళ్తాం. మన వారి సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. గురువులు వచ్చి సమాధులను ఆశీర్వదిస్తారు. మరి ఆ పక్కనే ఎవరూ రాని సమాధి మాటేమిటి? ఈ వారం, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న దేవాలయపు సమాధుల తోట చరిత్ర తెలుసుకుందాం.

ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. దాని ఉత్తర తీరంలో మోర్వెన్‌స్టో అనే పల్లె. ఎత్తయిన కొండచరియలు, వాటి కింద పదునైన బండరాళ్లు. తెరచాప ఓడల కాలంలో తుఫానుకు చిక్కిన ఓడలెన్నో ఆ రాళ్లకు కొట్టుకుని బద్దలయ్యాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం ఎవరిదో, ఏ ఊరిదో తెలియదు. అందుకని పెట్టె లేకుండా, ప్రార్థన లేకుండా తీరంలోనే గొయ్యి తీసి పూడ్చడం ఆ రోజుల్లో వాడుక.

1807 డిసెంబరులో కార్న్‌వాల్ దక్షిణ తీరాన ఆన్సన్ అనే యుద్ధనౌక బద్దలైంది. మృతులను అలాగే గోతుల్లో పూడ్చడం చూసి ఊరి వారి మనసు కలత చెందింది. థామస్ గ్రిల్స్ అనే స్థానిక న్యాయవాది ఒక చట్టానికి ముసాయిదా రాశారు. 1808లో పార్లమెంటు దానిని ఆమోదించింది. సముద్రం ఒడ్డుకు చేర్చిన ప్రతి శవాన్నీ ఆ విచారణ వారు దేవాలయ సమాధుల తోటలో మర్యాదగా భూస్థాపన చేయాలన్నదే ఆ చట్టం.

చట్టం వచ్చినంత మాత్రాన మనసులు మారవు కదా! మోర్వెన్‌స్టోలో ఆ పనిని మనసారా చేసినవారు, 1834లో అక్కడికి వచ్చిన ఆంగ్లికన్ గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్. ఓడ బద్దలైందని తెలిస్తే ఆయన పల్లెవారితో కలిసి కొండ దిగేవారు. శవాలను పైకి మోయించి, ప్రార్థన చదివి, తోటలో భూస్థాపన చేసేవారు. అలా 40 మందికి పైగా నావికులకు అక్కడ చోటు దొరికింది.

1842 సెప్టెంబరులో స్కాట్లండుకు చెందిన కాలెడోనియా అనే ఓడ అక్కడ మునిగింది. ఒక్కడే బతికాడు. ఆ ఓడ ముందుభాగాన ఉండే చెక్క బొమ్మనే మృతుల సమాధికి గుర్తుగా నిలిపారు. ఇప్పుడు అసలు బొమ్మను దేవాలయం లోపల భద్రపరచి, బయట దాని నకలు ఉంచారు. అదే తోటలో, పేరు తెలియని నావికుల సమాధుల దగ్గర ఒక రాతి శిలువ ఉంది. మనుషులు ఎరుగని వారైనా వీరు బాగా ఎరుగబడినవారే అనే భావం గల పౌలుగారి మాట దానిపై చెక్కి ఉంది.

హాకర్‌గారు మరణశయ్యపై కతోలిక శ్రీసభలో చేరి, 1875 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు, ప్లిమత్ పట్టణంలో కన్నుమూశారు. ఆయన సమాధి కూడా ప్లిమత్‌లోనే ఉంది. అందరికీ చోటిచ్చిన ఆ తోటలో ఆయనకు చోటు లేకపోయింది!

మృతులను పాతిపెట్టడం ఏడు శారీరక దయాకార్యాలలో ఒకటి. నీనెవె పట్టణంలో తోబీతు తన ప్రాణానికి ముప్పని తెలిసీ దిక్కులేని శవాలను పాతిపెట్టాడు. మన కోస్తా వారికి ఈ బాధ కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ఎన్నో కుటుంబాలకు తమ వారి శవం కూడా దక్కలేదు.

కాబట్టి ఈసారి సమాధుల తోటకు వెళ్లేటప్పుడు ఒక కొవ్వొత్తి అదనంగా తీసుకెళ్లండి. గడ్డి మొలిచి, పేరు చెరిగిపోయిన సమాధి ఒకటి చూసుకోండి. మీ పిల్లల చేత ఆ గడ్డి తీయించి, కొవ్వొత్తి వెలిగించి, ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం ఒక పరలోక జపం చెప్పించండి. ఆ సమాధిలో ఉన్నదెవరో మనకు తెలియకపోవచ్చు. దేవునికి తెలుసు.