సెలోపెహాదు కుమార్తెలు అడిగిన భాగము

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 27:1–11; యెహోషువ 15:16–19; 17:3–6; యోబు 42:12–15.

ఈ నెల పాఠమునకు మనము తీసికొన్న భాగము ఆరాధనలలో అరుదుగా చదువబడునది. సంఖ్యాకాండములో పేర్ల పట్టికలు వచ్చినప్పుడు చాలమంది పుట త్రిప్పివేయుదురు. ఆ పట్టికల నడుమనే ఒక భూమి తగాదా దాగియున్నది.

26వ అధ్యాయములో జనసంఖ్య వ్రాయబడెను. ఇరువది ఏండ్లు మొదలుకొని పైబడిన పురుషులే లెక్కకు వచ్చిరి. ఆ లెక్క చొప్పుననే కనాను భూమిని పంచవలసియుండెను. మనష్షే గోత్రికుడైన సెలోపెహాదు కుమారులు లేకయే అరణ్యములో చనిపోయెను. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు కుమార్తెలు మాత్రము అతనికుండిరి. లెక్క ప్రకారము ఆ యింటికి జానెడు నేలయైనను రాదు.

ఆ అక్కచెల్లెండ్రు ఏమి చేసిరో గమనించుడి. గుడారములో కూర్చుండి కన్నీరు కార్చలేదు, ఇరుగుపొరుగు వారితో గుసగుసలాడలేదు. మోషే, యాజకుడైన ఎలియాజరు, పెద్దలు, సమాజమంతయు చూచుచుండగా ప్రత్యక్షపు గుడారము వాకిట నిలిచి మాటలాడిరి. మా నాయన కోరహుతో చేరి తిరుగబడినవాడు కాడు, కొడుకులు లేనంత మాత్రమున అతని పేరు తుడిచివేయనేల, పినతండ్రులతో పాటు మాకును పాలు ఇయ్యుడి అని వారి వాదన. మోషే దానిని వాడుక కాదని కొట్టివేయలేదు. తన సొంత తీర్పును చెప్పలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు చెప్పినది న్యాయమేయని జవాబు వచ్చెను. అది ఆ ఐదుగురితో ఆగక ఇశ్రాయేలీయులందరికి కట్టడయాయెను.

ఇచ్చట ఒకరు ఆక్షేపణ చేయవచ్చును: "వారికి అన్నదమ్ములు లేరు గనుక ఇచ్చిరి, మాకు కొడుకులున్నారు గదా?" ఆక్షేపణ సరియైనదే. వాక్యములో లేనిదానిని ఉన్నట్లు చెప్పుట మంచిది కాదు. ఆ కట్టడ కుమారులు లేని యింటికే. తరువాత 36వ అధ్యాయములో, ఆ కుమార్తెలు తమ గోత్రములోనివారినే పెండ్లాడవలెనను షరతు కూడ వచ్చెను. అయితే యోబు గ్రంథపు చివరి పుట చూడుడి. అంత శ్రమ తరువాత యోబునకు ఏడుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును కలిగిరి. ఆ కుమారుల పేర్లు వ్రాయబడలేదు. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అను కుమార్తెల పేర్లు వ్రాయబడినవి. ఏడుగురు కొడుకులుండగానే ఆ తండ్రి కూతుళ్లకు అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యమిచ్చెను.

కాలేబు కుమార్తెయైన అక్సా సంగతి మన చిత్తూరు రైతులకు ఇంకను దగ్గరిది. ఆమెకు దక్షిణపు ఎండు భూమి వచ్చెను. ఆమె గాడిదను దిగి తండ్రిని నీళ్లు అడిగెను. అతడు మీది మడుగులను, క్రింది మడుగులను కూడ ఇచ్చెను. నీళ్లు లేని నేల యేమి నేలయో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. బోరులో వంతు లేక, బావికి దారి లేక, శనక్కాయలైనను సరిగా పండని మెట్టచెక్కను ఆడబిడ్డకు చూపి, "పసుపు కుంకుమ క్రింద ఇచ్చితిమి" అని చెప్పుకొను ఇండ్లు ఎన్నిలేవు? (బొట్టు పెట్టని మన యిండ్లలో సైతము ఈ పసుపు కుంకుమ మాట విడువకుండుట వింతయే.) ఆ చెక్కకైనను రిజిస్ట్రేషను ఉండదు, నోటిమాటయే.

ఇప్పుడు చట్టమేమి చెప్పుచున్నదో చూతము. క్రైస్తవుడు వీలునామా వ్రాయక చనిపోయినయెడల 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. అప్పులు తీరిన తరువాత మిగిలిన ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగతా రెండు వంతులు కొడుకులకును కూతుళ్లకును సమముగా పోవును. పెండ్లియైనదా కాలేదా యను భేదము లేదు. దీనికి ముందు, 1865 నాటి చట్టములోను కొడుకులకు కూతుళ్లకు భేదము లేదు. హిందూ కుటుంబముల ఆడబిడ్డలకు తండ్రి స్వార్జితములో సమభాగము 1956లో గాని రాలేదు. ఉమ్మడి ఆస్తిలో మన రాష్ట్రము 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలమున హక్కునిచ్చెను, దేశమంతట 2005లో వచ్చెను. అనగా మన ఆడబిడ్డల హక్కు కాగితముమీద ఇతరులకంటె తొంబది ఏండ్లు ముందుగా పుట్టినది. పొలములో మాత్రము అది ఇంకను నడక నేర్వలేదు.

మన సంఘములలో కొందరికి ధ్రువపత్రములో ఒక మతము, ఆరాధనలో ఒక మతము ఉన్నందున, ఏ చట్టము వర్తించునోయని సందేహము కలుగుచున్నది. భార్య వంతులో తేడా యుండును గాని, తండ్రి స్వార్జితములో కూతురికి కొడుకుతో సమభాగము రెండు చట్టములలోను గలదు. దీనిని సాకుగా చెప్పుటకు వీలులేదు.

కేరళలో సంగతి వేరుగా నుండెను. తిరువాన్కూరు క్రైస్తవులకు 1916 నాటి చట్టము ప్రకారము కూతురికి కొడుకు భాగములో నాల్గవ వంతు లేక 5,000 రూపాయలు, రెంటిలో ఏది తక్కువైన అది. కొట్టాయములో పాఠశాల నడిపిన మేరీ రాయ్ సొంత సహోదరునితో వ్యాజ్యెమాడి సుప్రీంకోర్టువరకు పోయెను. అక్కడి క్రైస్తవులకును 1925 చట్టమే వర్తించునని 1986 ఫిబ్రవరి 24న తీర్పు వచ్చెను. ఆమె 2022లో మరణించెను. ఆ తల్లి అంత పోరాడి గెలిచినది మనకు ఊరకయే చేతిలో నున్నది.

మరి అడ్డమేమి? స్త్రీవాదమను మాట విన్నంతనే అది పట్టణపువారి వ్యవహారమని మన పెద్దలు ముఖము త్రిప్పుదురు. కాని మన పల్లెలో ఆడబిడ్డను ఆపునది ఏ వాదమును కాదు, ఒక చిన్న మాట: "భాగం అడగబాకమ్మా, అడిగితే పుట్టినిల్లుండదు." అన్న మంచివాడే, వదిన మంచిదే, పండుగకు చీర పెట్టుదురు, కాన్పుకు తీసికొనివత్తురు. ఆ ప్రేమకు వెల యేమనగా, తండ్రి పోయిన తరువాత వారసుల పట్టికలో ఆమె పేరు లేకపోయినను నోరెత్తకుండుట. కొందరిని "ఆక్షేపణ లేదు" అని సంతకము పెట్టుమందురు, చదువక పెట్టుదురు. స్థిరాస్తిలో హక్కు వదులుకొనుట రిజిస్టరైన దస్తావేజుతోనే చెల్లునని వారికెవరు చెప్పిరి?

"కట్నమిచ్చితిమి గదా, అదే దాని భాగము" అని మరొక మాట. కట్నము తీసికొనుట 1961 చట్టము ప్రకారము నేరము. ఎవరు తీసికొన్నను అది ఆమెకే చెందవలెనని అదే చట్టము చెప్పుచున్నది. ఇచ్చిన సొమ్ము అల్లుని మోటారు సైకిలుకును అత్తింటి అప్పులకును పోయినప్పుడు ఆమె భాగమెక్కడ? "కడపట చూచువాడు కొడుకే" అనుటయు వినుచున్నాము. చూచు కొడుకులున్నారు, వారిని మనము గౌరవించుచున్నాము. రుయా ఆసుపత్రి వార్డులలో రాత్రులు మంచము ప్రక్కన నేలమీద పడుకొను కూతుళ్లను కూడ మీరు చూచియుందురు.

తిరుపతిలో 1983లో స్త్రీలకొరకే పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసెను. పల్లెల ఆడపిల్లలు అక్కడ చదివి పట్టము తెచ్చుకొనుచున్నారు. పట్టాలో మాత్రము పేరుండదు. నాట్లు, కలుపు, పాలు పిదుకుట ఆమెవి. పాసుపుస్తకము లేనందున పంట రుణమునకు బ్యాంకులో ఆమె రైతు కాదు. భర్త విడిచినను చనిపోయినను ఆమె నిలువవలసిన నేల ఏది?

యెహోషువ 17లో ఆ ఐదుగురు మరల కనబడుదురు. మోషే చనిపోయెను, యొర్దాను దాటిరి, భూమి పంచుచున్నారు. తీర్పు వచ్చి చాలకాలమైనను ఎవరును వారిని పిలిచి ఇయ్యలేదు. వారే ఎలియాజరునొద్దకు, యెహోషువయొద్దకు వచ్చి జ్ఞాపకము చేయవలసివచ్చెను. అప్పుడు పెద్దలు వారిని మందలింపలేదు, కొలిచి ఇచ్చిరి. సంఘ పెద్దలు గమనింపవలసినది ఇదే. అడిగిన ఆడబిడ్డ తగాదాకోరు అను పేరు సంఘములో రాకుండ చూచు బాధ్యత ఆమెది కాదు, పెద్దలది.

ఇంకొకటి. సొంతముగా సంపాదించిన ఆస్తిని తండ్రి తన యిష్టప్రకారము వీలునామాలో వ్రాయవచ్చును. అంతయు కొడుకులకే వ్రాసినను చట్టము అడ్డము రాదు. అయితే వీలునామాకు ఇద్దరు సాక్షులు కావలెను. మన పల్లెలలో ఆ సాక్షులుగా పాస్టరుగారిని గాని సంఘ పెద్దను గాని పిలుచుట వాడుక. కలము చేతికిచ్చినప్పుడు వారు ఒక్క నిమిషము ఆగి, "ఆడపిల్లల పేర్లు ఎక్కడ వ్రాసితిరయ్యా?" అని ఆ తండ్రిని అడుగవచ్చును.