చల్లదనం ప్రయాణిస్తుందా?

ఐసుగడ్డ దగ్గర చెయ్యి పెడితే "చల్లదనం తగిలింది" అంటాం. చల్లదనం నిజంగా ఐసు నుంచి బయలుదేరి మన చేతికి చేరుతుందా? మన సంస్థ సాయంకాలపు తరగతులలో ఈ ప్రశ్నకు జవాబును ప్రయోగంతోనే వెతుకుతున్నాం.

రెండు పుటాకార లోహ దర్పణాలను బల్లపై ఎదురెదురుగా నిలబెడతాం. ఒకదాని నాభి వద్ద బల్బుకు మసి పూసిన థర్మామీటరును, రెండోదాని నాభి వద్ద ఐసుగడ్డను ఉంచుతాం. కాసేపటికి పాదరసం కొద్దిగా దిగుతుంది. మధ్యలో అట్ట అడ్డం పెడితే మళ్ళీ పైకి వస్తుంది. "ఐసు చలిని పంపింది సార్!" అంటారు పిల్లలు.

ఆ జవాబును కొట్టిపారేయం. జెనీవా శాస్త్రజ్ఞుడు పిక్టే 1790లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రయోగాన్ని వివరించాడు. ఆ తరువాత రమ్‌ఫోర్డ్ వంటి మేధావి సైతం చల్లని వస్తువులు చలి కిరణాలను వెదజల్లుతాయని వాదించాడు. అయితే 1791లోనే ప్రెవో తేలికైన వివరణ ఇచ్చాడు: ప్రతి వస్తువూ ఎల్లవేళలా వేడిని వెదజల్లుతూ, ఇతర వస్తువుల నుంచి తీసుకుంటూ ఉంటుంది.

ఇప్పుడు బోర్డుపై లెక్క వేస్తాం. సంపూర్ణమైన నల్లని ఉపరితలం 30 డిగ్రీల సెల్సియస్ వద్ద చదరపు మీటరుకు సుమారు 479 వాట్లు వెదజల్లుతుంది. 0 డిగ్రీల వద్ద సుమారు 316 వాట్లు. అంటే ఐసు కూడా వేడినే పంపుతోంది, కాకపోతే తక్కువగా. థర్మామీటరుకు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ, అందుకే చల్లబడింది. అట్ట గది వేడిలోనే ఉంటుంది కనుక, అడ్డం పెట్టగానే ఆ లోటు తీరింది. చలి కిరణాల అవసరమే లేదు.

పుటాకార దర్పణం సూర్యకిరణాలను ఒకచోటికి ఎలా చేరుస్తుందో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ సుమారు వెయ్యేళ్ళ కిందటే గణితంతో వివరించాడు. ఆయన వారసత్వం పేరు చెప్పుకుంటే రాదు. చేసి చూసి, ఎందుకని అడిగితేనే వస్తుంది.

పుస్తకంలోని వాక్యాన్ని బట్టీ పట్టిన పిల్లవాడు పరీక్ష అయ్యాక మరచిపోతాడు. కళ్ళు చూసినదాన్ని కూడా లెక్కతో సరిచూసుకున్న పిల్లవాణ్ణి పుకారు గానీ మూఢనమ్మకం గానీ సులువుగా మోసగించలేవు. ఆ దర్పణాలు, థర్మామీటరు మీ విరాళాలతో కొన్నవే. ఇల్మ్ కోసం మీరిచ్చిన ఈ సదఖాను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.