గర్భిణుల చర్మంలో మార్పులు: ఏది సహజం, ఏది హెచ్చరిక?

గర్భధారణ కాలంలో హార్మోనుల ప్రభావం వలన చర్మంలో పలు మార్పులు కలుగుతాయి. వీటిలో అధికభాగం నిరపాయకరమైనవే. కొన్నింటిని మాత్రం ఉపేక్షించరాదు. పుట్టింటికి దూరంగా హోసూరు, కృష్ణగిరి పట్టణాలలో నివసించే గర్భిణులకు ఈ భేదం తెలిసి ఉండడం అవసరం.

సహజమైన మార్పులు

ముఖంపై మంగు, నాభి దిగువన నల్లని గీత ప్రసవానంతరం క్రమంగా తగ్గుతాయి. పొట్టపై చారలు రంగు తగ్గినా పూర్తిగా పోవు. తొలి కాన్పు చివరి వారాలలో ఆ చారలపై ఎర్రని దద్దుర్లు రావచ్చు. దురద బాధించినా వీటివలన శిశువుకు హాని లేదు.

హెచ్చరికలు

దద్దుర్లు లేకుండా అరచేతులలో, అరికాళ్లలో దురద పుట్టి రాత్రివేళ అధికమైతే అది కాలేయానికి సంబంధించినది కావచ్చు. పైత్యరస ప్రవాహం మందగించినప్పుడు అందలి ఆమ్లాలు రక్తంలో చేరుతాయి. సాధారణంగా ఇది చివరి మూడు నెలలలో కనిపిస్తుంది. ఆ ఆమ్లాలు లీటరు రక్తంలో 100 మైక్రోమోల్స్‌కు చేరితే శిశువు గర్భంలోనే మరణించే ముప్పు పెరుగుతుంది. చర్మంపై గోకిన గీతలు తప్ప మరేమీ కనిపించవు కనుక, వేడి చేసిందని భావించి నూనె రాసి ఊరుకోవడం ప్రమాదకరం. రక్తపరీక్షతోనే నిజం తెలుస్తుంది. ఫలితాన్నిబట్టి వైద్యులు ప్రసవ సమయాన్ని నిర్ణయిస్తారు.

నాభి చుట్టూ నీటిపొక్కులు లేచినా, కళ్లు పచ్చబడినా ఆలస్యం చేయరాదు. పూర్వం ఆటలమ్మ రాని గర్భిణి ఆ రోగి చెంతకు వెళ్లినట్లయితే ఆనాడే వైద్యులకు తెలపాలి.

పాటించవలసినవి

మంగు పోగొట్టే క్రీములను, ముఖ్యంగా రెటినాయిడ్, స్టెరాయిడ్ కలిసినవాటిని, వైద్యుని సలహా లేకుండా వాడరాదు. కామెర్లకు పసరు మందు తీసుకోరాదు.

వైద్యశాలలో తమిళంలో చెప్పవలసివస్తే: దురద – అరిప్పు, అరచేయి – ఉళ్ళంగై, అరికాలు – ఉళ్ళంగాల్, నీటిపొక్కు – కొప్పుళం. దురద ఏ నెలలో మొదలైనదో, రాత్రి నిద్ర పట్టుచున్నదో లేదో కూడా చెప్పాలి.

సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోగాని, హోసూరు ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోగాని సంప్రదించవచ్చు. ఆరోగ్య సలహాకు 104, అత్యవసర వాహనానికి 108. శిశువు కదలికలు తగ్గినట్లు తోస్తే తెల్లవారే వరకు వేచి ఉండక వెంటనే బయలుదేరాలి.