త్రాగుడు మానగోరువారి సభలు

పైరునకు తెగులు సోకినచో ఎవ్వరును దాచిపెట్టరు. నలుగురి నడిగి మందు తెలిసికొందురు. త్రాగుడును వ్యాధియే. అయినను దానిని సిగ్గుచే దాచి, సంఘమునుండి తెచ్చిన పంట ఋణమును దుకాణమున ధారపోసి, తుదకు భూమిని పోగొట్టుకొనువారు గలరు.

ఈ సిగ్గు తీరు మార్గమొకటి అమెరికాలోని ఆక్రన్ నగరమున 1935లో దొరికినది. త్రాగుడుచే చెడిన విల్సను అను షేర్ల వ్యాపారియు, స్మిత్తు అను శస్త్రవైద్యుడును తమ కష్టము నొకరితో నొకరు చెప్పుకొని మానగలిగిరి. అట్లు పుట్టినదే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము. మన దేశమునను దాని సభలు జరుగుచున్నవి.

1. ప్రవేశ రుసుము లేదు. మానవలెనను కోరికయే అర్హత.
2. ఇంటిపేరు చెప్పనక్కరలేదు, అచట విన్నది బయట చెప్పరాదు.
3. "నేటికి త్రాగను" అనుకొనిన చాలును. రేపటి సంగతి రేపు.
4. సభాస్థలము తెలియనిచో ప్రభుత్వమువారి ఉచిత టెలిఫోను 14446లో గాని, పెద్దాసుపత్రిలోని మానసిక వైద్యుని గాని అడుగవలెను.
5. ఇంటివారికి అల్-అనాన్ అను వేరు సభలు గలవు.

ఒక హెచ్చరిక: చిరకాలము నిత్యము త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. ముందు వైద్యుని చూడవలెను.

పరపతి సంఘమున ఒకరి అప్పునకు మరియొకరు పూచీపడుదుము గదా! పొరుగువాడు మొదటి సభకు పోవ సంకోచించినచో, గుమ్మమువరకైనను తోడు పొండు.