సంఘ కార్యాలయపు ఇంటర్నెట్ టెలిఫోనునకు ఫైర్‌వాల్ రక్షణ

విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాయవలసిన మేము టెలిఫోనును గూర్చి వ్రాయుట కొందఱు సభ్యులకు వింతగా తోపవచ్చును. కాని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో కంప్యూటర్లు నెలకొల్పుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో ఆమోదము తెలిపినది. కంప్యూటరు వచ్చినచోట ఇంటర్నెట్ టెలిఫోనును కూడ పెట్టుకొనుట సులభము. ఇది పాత రాగితీగ టెలిఫోను వంటిది కాదు. మాటలాడు చిన్న కంప్యూటరనియే చెప్పవలెను. దొంగలు దీనిని వశపఱచుకొని దూరదేశములకు పిలుపులు సాగించినచో ఆ బిల్లు సంఘము పేరనే వచ్చును. అది సభ్యుల సొమ్ము.

ఫైర్‌వాల్ అనగా ఇంటికిని ఇంటికిని నడుమ నిప్పు ప్రాకకుండ కట్టు గోడ. పూరిండ్ల వరుసలో కాపురమున్నవారికి దాని విలువ చెప్పనక్కఱలేదు. మన గండిపేట కట్టను చూచిన ఈ సంగతి ఇంకను తేటపడును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వఱద హైదరాబాదును ముంచిన పిమ్మట తలపెట్టిన ఈ జలాశయము 1920లో పూర్తియైనది. దీనికి 15 వఱద తలుపులు గలవు. ఎగువనుండి వచ్చు నీటిని చూచి ఇన్ని తలుపులను ఇన్ని అడుగులు ఎత్తుదురేగాని అన్నింటిని ఊరక తెఱచి ఉంచరు. టెలిఫోనునకును ఇట్టి తలుపులు గలవు. వానిని పోర్టులందురు, టి.సి.పి., యు.డి.పి. అను రెండు తరగతులలో ఒక్కొక్కదానికి 65,535 వఱకు సంఖ్యలు గలవు.

సామ్యము ఇంతవఱకే. కట్టనుండి నీరు ఒకే దిక్కునకు పాఱును. మాట రెండు దిక్కులకు పోవలెను. కావున మంచి ఫైర్‌వాల్ జ్ఞాపకము గలదై యుండును. టెలిఫోను తాను ముందుగా పలుకరించినచోటినుండి వచ్చు జవాబును లోనికి రానిచ్చి, పిలువని పేరంటమును వాకిటనే ఆపును. సేవాదారుని సర్వరును టెలిఫోను మాటిమాటికి తానే పలుకరించుచుండును గనుక, యూరియా వచ్చినదా యని రైతు చేయు పిలుపు ఆ తెఱచిన దారిననే వచ్చును. తలుపులు మూసిన రైతుల పిలుపులు రావేమో యను భయము వలదు.

అర్ధరాత్రి టెలిఫోను మ్రోగి, ఎత్తినచో ఎవరును పలుకక, తెరమీద 100 అనియో 1001 అనియో కనబడినచో, అది చాలమట్టుకు దయ్యపు పని కాదు. పిలుపులను కుదుర్చు సిప్ పద్ధతికి వాడుకగా నుండు 5060 పోర్టును దొంగ యంత్రములు తట్టి చూచుచున్నవన్నమాట.

అమరిక చేయువారు మొదట పాత అమరికలను కాగితముమీద వ్రాసికొనవలెను. టెలిఫోను మెనూలో దాని ఐ.పి. చిరునామా కనబడును, అదే నెట్‌వర్కులోని కంప్యూటరు బ్రౌజరులో దానిని తెఱచి, తయారీవారు ఇచ్చిన పాస్‌వర్డును అన్నిటికంటె ముందు మార్చవలెను. పిదప సెక్యూరిటీ సెట్టింగులలో ఫైర్‌వాలును ఆన్ చేయవలెను. నమ్మదగిన పోర్టులను వ్రాయు గడులుండిన, సేవాదారు చెప్పిననే తప్ప వానిని ఖాళీగా ఉంచవలెను. పింగ్‌నకు బదులీయకుండుటయు, టెల్‌నెట్‌ను మూయుటయు మంచిది. సర్వరునుండి వచ్చు పిలుపులనే అంగీకరించు అమరిక ఉన్నచో దానిని తప్పక ఎంచుకొనవలెను. పై చెప్పిన రాత్రి మ్రోతలకు అదియే మందు.

తరువాత బయటికి ఒక పిలుపు, లోనికి ఒక పిలుపు చేసి చూడవలెను. ఒకరి మాట మాత్రమే వినబడినచో, మాటలను మోయు ఆర్.టి.పి. పోర్టులు మూతబడినవేమో చూడవలెను. ఆ పోర్టుల వరుస టెలిఫోను నమూనానుబట్టి మాఱును. సేవాదారు నడిగి ఆ వరుసను మాత్రమే తెఱచినచో చాలును. ఇట్టి వేళ విసిగి ఫైర్‌వాలునే తీసివేయువారు గలరు. ఒక తూము పూడినదని కట్టనే తెగగొట్టువారిని ఏమందుము?

రౌటరులో బయటినుండి నేరుగా టెలిఫోనునకు దారి, అనగా పోర్టు ఫార్వర్డింగు, ఎవ్వరు చెప్పినను ఈయరాదు. అంతర్జాతీయ పిలుపులు అక్కఱలేని సంఘము వానిని ఆపివేయుమని సేవాదారునకు వ్రాసి ఇచ్చి, నెలబిల్లులో రాత్రివేళ పిలుపులను కార్యదర్శిచేత విడిగా చూపించుకొనవలెను. మోసమువలన సొమ్ము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు తెలుపవలెను.