బీమా కంపెనీలకు కాపలా

నిడదవోలులో మా చదువుల కేంద్రానికి ఒక అత్తయ్యగారు వస్తారు. మొన్న ఆవిడకు ఫోను వచ్చింది. "హైదరాబాదు బీమా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఆయన పాలసీకి బోనసు వచ్చింది. ముందు ఎనిమిది వేలు కట్టాలి" అన్నారట. ఆవిడ గొలుసు తాకట్టు పెట్టడానికి బయలుదేరారు. దారిలో నాకు ఎదురయ్యారు.

"ఆగండి అత్తయ్యగారూ! ఆ ఆఫీసు ఎవరికీ బోనసు ఇవ్వదండీ" అన్నాను.

"మరి ఆ ఆఫీసు ఎందుకు టీచరమ్మా?" అన్నారు.

మంచి ప్రశ్నే అడిగారు.

బీమా మన వైపు కొత్తది కాదు. 1925లోనే బందరులో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. దేశంలో ఇలాంటివి చాలా ఉండేవి. కొన్నిచోట్ల జనం సొమ్ము మునిగింది కూడా. 1956లో ప్రభుత్వం 245 సంస్థలను కలిపి ఎల్.ఐ.సి.ని పెట్టింది. 1999లో చట్టం చేసి ప్రైవేటు కంపెనీలకు మళ్ళీ తలుపు తెరిచారు. తలుపు తెరిస్తే కాపలా ఉండాలి కదా! ఆ కాపలా పేరు ఐ.ఆర్.డి.ఎ.ఐ. అంటే బీమా నియంత్రణ సంస్థ. 2001లో అది ఢిల్లీ నుంచి హైదరాబాదు వచ్చింది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. కొత్తగా ఏ కంపెనీ బీమా అమ్మాలన్నా, అది బొంబాయిదైనా సరే, ఇక్కడ అనుమతి తీసుకోవాలి. ఈ మాటకు అత్తయ్యగారు మురిసిపోయారు.

జనానికి చెల్లించేందుకు కంపెనీ దగ్గర సరిపడా సొమ్ము ఉందా అని ఈ సంస్థ చూస్తుంది. తప్పు చేస్తే జరిమానా వేస్తుంది. అంతేగాని పాలసీలు అమ్మదు. డబ్బు కట్టమని ఫోను చెయ్యదు. అలా ఎవరైనా చేస్తే అది మోసమే.

మనమే దానికి ఫోను చెయ్యవచ్చు. కంపెనీ డబ్బు ఇవ్వకుండా తిప్పుతుంటే ముందు కంపెనీకే కాగితం రాసి ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. పని కాకపోతే 155255కు ఫోను చెయ్యండి. ఖర్చు ఉండదు. తెలుగులోనే చెప్పవచ్చు. కంపెనీకి రాసి నెల దాటినా తేలలేదా? హైదరాబాదులోనే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రాష్ట్రం ఫిర్యాదులు అక్కడ వింటారు. 50 లక్షల రూపాయల దాకా తీర్పు ఇవ్వగలరు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాకపోతే కంపెనీ కాదన్న ఏడాదిలోపే వెళ్ళాలి.

సాయంత్రం అత్తయ్యగారు ట్రంకుపెట్టెలోంచి పాలసీ తీసి తెచ్చారు. కూడబలుక్కుని చదివారు. నామినీ అన్నచోట వాళ్ళ అత్తగారి పేరు ఉంది. ఆ పెద్దావిడ పోయి నాలుగేళ్ళయింది.

"రేపు మావయ్యగారిని తీసుకురండి. నామినీ మార్చే ఫారం మీద ఆయనే సంతకం పెట్టాలి" అన్నాను.